రోటర్ ఎటు తిరుగుతోంది

గురువారం, రాత్రి

నాన్న అంబాసిడర్ కారుకి సరిపోయే డిస్ట్రిబ్యూటర్, అదే ఇంజన్ ప్లగ్గులకి కరెంటు పంచేది, దొరికిందని సాయంత్రం అమీర్‌పేట నుంచి ఈల వేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

పాత స్పేర్ల షాపులో ఉన్నవి రెండే. చూడ్డానికి కవలలు. ఒకదాని లోపల తిరిగే ముక్క, రోటర్, కుడికి తిరుగుతుంది, రెండోదానిది ఎడమకి. నా వెంట వచ్చిన మెకానిక్ యాదన్న అక్కడే అడిగాడు.

"మన బండిది ఎటు తిరుగుతదో కండ్లతోటి సూసిన్రా సార్? ఉల్టాది పెడితే స్టార్టయితది గానీ, పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కంగనే దమ్ము ఇడుస్తది."

ఫోన్ తీసి వీడియో చూపించాను. మా ఆవిడ సుజాత తాళం తిప్పుతుంటే నేనే తీసింది. రోటర్ ఎడమకే తిరుగుతోంది.

"జర మల్ల ఒకసారి సూడుండ్రి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎడమదే కొన్నాను. కుడిదాన్ని మా వెనకే ఎవరో తీసుకుపోయారు.

ఇందాక సుజాతకి గొప్పగా అదే వీడియో చూపిస్తే రోటర్‌ని చూడలేదు. బానెట్ లోపల దసరాకి తను గీసిన పసుపు స్వస్తిక్‌ని చూసి కంగారుపడింది.

"నేను తిరగేసి గీశానా ఏంటి?"

టార్చి పట్టుకుని కిందికి దిగి చూశాను. సరిగ్గానే గీసింది. ఆ ఇరుకులో ఫోన్ తెర నాకు కనబడాలని ఆ రోజు సెల్ఫీ కెమెరాతో తీశాను. వీడియోలో రోటర్‌తో సహా అన్నీ అద్దంలో లాగా తారుమారయ్యాయి.

ఎల్లుండే ఫిట్‌నెస్ పరీక్ష. అందులో తప్పితే బండి తుక్కుకే. రేపు పొద్దున్నే యాదన్న బిగించడానికి వస్తాడు.

పైకి రాగానే సుజాత మళ్లీ స్వస్తిక్ సంగతి అడిగింది.

"నీ తప్పేం లేదు" అన్నాను.

"మరి ఎవరిది?" అంది.