పీట మీంచి లేవకుండా

12 ఏప్రిల్ 2005, మంగళవారం
ఇవాళ కూడా నేనే ముందు. నా గంప నిండేసరికి పక్కవాళ్ళవి సగానికి రాలేదు. జీడిపప్పు పొట్టు తీయడంలో పలాస మొత్తానికి నా చెయ్యే చెయ్యి అని ఫ్యాక్టరీ మేస్త్రి అందరి ముందూ అన్నాడు. సంతోషించాలి. నడుము విరిగిపోతోంది... సంతోషం రేపు చూసుకుందాం.

15, శుక్రవారం
చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేట ఆపేశారు. పడవ ఒడ్డెక్కింది. మా ఆయన నెలన్నర ఇంట్లోనే. నేను బస్సుకి పరిగెడుతుంటే తాపీగా వల బాగుచేసుకుంటున్నాడు. మధ్యాహ్నం నిద్దరొస్తే పడుకుంటాడట. ఒళ్ళు మండింది.

17, ఆదివారం
సెలవు. దుప్పట్లు ఉతికాను, బియ్యం ఏరాను, ఇల్లు అలికాను. కాసేపు కూర్చోరాదా అన్నాడు. కూర్చుంటే పనిదొంగలా ఉంటుంది నాకు.

21, గురువారం
పాదాలు వాచాయి. మూత్రం మంట. ఆయనే టెక్కలి లాక్కుపోయాడు. నీళ్ళెన్ని తాగుతావని అడిగింది డాక్టరమ్మ. పొద్దున్న ఓ గ్లాసు, ఇంటికొచ్చాక ఓ చెంబు. మధ్యలో? తాగితే లేవాలి. బయటికెళ్ళి, చేతులు కడిగి, ఆరబెట్టుకుని — తడి చేత్తో పప్పు ముట్టుకోకూడదు — మళ్ళీ కూర్చునేసరికి పక్కావిడ దాటేస్తుంది. అందుకే తాగను. పదకొండేళ్ళుగా. డాక్టరమ్మ రాయడం ఆపి నా వంక చూసింది.

రక్తం పరీక్ష చేశారు. కిడ్నీలు ఇప్పటికి పరవాలేదట, ఇలాగే చేస్తే పోతాయట. నీళ్ళు తాగాలి, మధ్యాహ్నం నడుం వాల్చాలి. కిడ్నీ జబ్బుతో పోయిన మా పెద్దన్నయ్యకీ మొదట పరవాలేదనే అన్నారు.

తిరుగు బస్సులో ఆయన ఒక్క మాటే అన్నాడు. "సముద్రానికే నెలన్నర సెలవిచ్చినారు. నీకెవులియ్యాల?"

22
సీసాతో నీళ్ళు పట్టుకెళ్ళాను. మూత తియ్యలేదు.

25, సోమవారం
తాగాను. రెండుసార్లు లేచాను. గంప వెనకబడింది. ఒంట్లో బాగోలేదా అని మేస్త్రి అడిగాడు, మంచిగానే. ఇంటికొచ్చి ఏడ్చాను. నీళ్ళు తాగినందుకు ఏడవడమేమిటి...

26
లేవలేదు. మళ్ళీ నేనే ముందు. సిగ్గులేదు నాకు.

1 మే, ఆదివారం
కొబ్బరితోటలో చాప వేశాడు. పడుకున్నాను. వేళ్ళు ఊరుకోవే — చాప అంచుని గీకుతున్నాయి, పొట్టు తీస్తున్నట్టే. ఆయన చూసి నా చెయ్యి తన చేతిలో పెట్టుకున్నాడు. లేచేసరికి పొద్దు వాలింది. గిన్నెలు తోమి ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. హాయిగానే ఉంది, ఒప్పుకోవాలి.

4, బుధవారం
పార్వతి కళ్ళు తిరిగి పడిపోయింది. నా పక్క పీట, చేరి మూడు నెలలు. ఇద్దరు పిల్లల తల్లి. ముఖాన నీళ్ళు కొట్టి గ్లాసు నోటికి పెడితే తల తిప్పేసుకుంది. తాగవేమే అని కసిరాను.

"తాగితే లెగాలి గదక్కా. నిన్ను సూసే నేర్సుకున్నాను."

మేస్త్రి దాన్ని ఇంటికి పంపించాడు. నేను మళ్ళీ కూర్చున్నాను... కూర్చుని గంప నింపాను.

5, గురువారం
పార్వతి రేపు వస్తుందట. అది చూస్తుండగా నేను గ్లాసెత్తి తాగాలి. దాన్ని వెంటబెట్టుకుని నేనే ముందు బయటికి నడవాలి. ఇంతే పని. పదకొండేళ్ళు లేవకుండా పేరు తెచ్చుకున్నాను. అందరి ముందూ లేవాలంటే భయమే. సీసా ఇప్పుడే నింపి గుమ్మం దగ్గర పెట్టుకున్నాను.