లాభం, రెండు, మూడు

కొరాపుట్,
12-11-2024.

రాయగడలో ఉన్న అన్నయ్య సోమేశ్వరరావుకు, చెల్లెలు విజయదుర్గ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. వదిన మోకాళ్ల నొప్పులు తగ్గాయనీ, కొట్లో బేరాలు బాగున్నాయనీ తలుస్తాను.

ఇరవై ఏడేళ్ల తర్వాత ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్ చేస్తే పెట్టేస్తావు. కాగితాన్నైతే చింపే ముందు ఒకసారి చదువుతావు. మాట్లాడే యంత్రాలతో బతికినదాన్ని, నీతో మాట్లాడటానికి కలం పట్టాల్సి వచ్చింది చూడు!

ఆదివారం ఇక్కడ నాకు సన్మానం. తెలుగు విని జవాబిచ్చే యంత్రాన్ని మొదట తయారుచేసినవాళ్లలో నేనొకతెనట. నా తొలి పని గురించి చెప్పమన్నారు. నీ పేరు రాకుండా అదెలా చెప్పను?

ఫోన్‌లో సరుకు నంబరు చెబితే ఆ రోజు ధర చెప్పే యంత్రం అది. దానికి అంకెలు నేర్పడానికి నలభై గొంతులు కావాలన్నాను. టేపురికార్డరు చూడగానే జనానికి నోరు పెగల్లేదు. నువ్వు ఒక్కొక్కరి చేతికీ కుంచం ఇచ్చి, మన కొట్లో బియ్యం కొలిపిస్తూ రికార్డు చేశావు. అందరూ హాయిగా లెక్కపెట్టారు: లాభం, రెండు, మూడు…

పరీక్ష రోజున పెద్ద ఆఫీసరు ఫోనెత్తి “ఒకటి” అన్నాడు. యంత్రం ఉలకలేదు, పలకలేదు. మూడుసార్లు అన్నా అంతే. నీకు ఫోన్ చేసి మండిపడితే, “కొలతలో మొదటిదాన్ని లాభం అనక ఏటంటారమ్మీ?” అన్నావు. అందరూ వింటుండగా నీది కిరాణా కొట్టు బుద్ధి అన్నాను. టేపులు వినే తీరిక లేక అన్నను నమ్మి మోసపోయానని రిపోర్టు రాశాను. నా ఉద్యోగం నిలిచింది. నువ్వు మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

ఆ తర్వాత వేల గొంతులు పోగుచేశాను. ఎవరినీ మైకు ముందు కూర్చోబెట్టలేదు, వాళ్ల పనిలో ఉండగానే మాట్లాడించాను. శిష్యులు దాన్ని మేడమ్ పద్ధతి అంటారు. ఇన్నాళ్లూ కాదనలేదు. సిగ్గుగా ఉంది అన్నయ్యా.

వదినను తీసుకుని రా. నువ్వు రాకపోయినా ఆ పద్ధతి నీదేనని చెబుతాను, కానీ నువ్వు వింటుండగా చెప్పాలని ఉంది.

ఇట్లు,
నీ అమ్మి,
విజయదుర్గ.

తా.క.: పైన రాయడానికి చెయ్యి రాక ఇక్కడికి నెట్టాను. టేపులు వినలేదన్నది అబద్ధం. పరీక్షకు ముందే నలభై గొంతులూ విన్నాను, రెండేసి సార్లు. ఒక్క తప్పూ దొరకలేదు. నేనూ ఆ కొట్లోనే కదా లెక్క నేర్చుకున్నది! నా చెవికీ మొదటి అంకె లాభమే.