తపన్ దా కూతురికి నువ్వు పెట్టిన గొలుసు

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సంవత్సరీకం భోజనాలయ్యాక, వర్క్‌షాపులో నీ పక్కనే పనిచేసిన బెంగాలీ తపన్ దా అమ్మ దగ్గర కూర్చున్నాడు. ఇన్నేళ్లు మనవాళ్లతో తిరిగినవాడు కదా, మన యాసలోనే, సొంత పిన్నిని పలకరించినట్టు పలకరించాడు.

"మాసీమా, ఒంట్లో ఎలాగుంది? వైజాగులో మీ ఆపరేషనుకని మీవోడు నా దగ్గర డబ్బు పట్టుకెళ్లినాడు గదా."

"నాకేటి ఆపరేషను బాబూ? నాను ఎల్లింది మా సెల్లి కూతురి పురిటికి," అంది అమ్మ.

అమ్మ వైజాగు వెళ్లింది ఆయన కూతురి పెళ్లికి ముందు నెల. ఆ పెళ్లిలో నువ్వు పిల్లకి బంగారు గొలుసు పెడితే మన పేట సుభాష్‌పల్లి అంతా చెప్పుకున్నారు. ఆయన డబ్బుతోనే ఆయనింటికి కానుక పట్టుకెళ్లావా! టీ కొట్టు దగ్గర ఎవరినీ జేబులో చెయ్యి పెట్టనివ్వని నీ అలవాటు ఇంతదాకా వచ్చిందని మాకు తెలియనే లేదు.

తపన్ దాకీ అప్పుడే అర్థమైంది. "గొలుసు తెచ్చి ఇచ్చేస్తాను," అన్నాడు.

"వద్దు. మావోడు ముచ్చటపడి పెట్టినాడు. బాకీ నా పింఛనులోంచి నెలనెలా తీరుస్తాను," అంది అమ్మ.

ఆయన నావైపు తిరిగాడు. "ఉత్త చేతుల్తో వచ్చినా వాణ్ణి నా పక్కనే కూకోబెట్టుకుందును దీదీ," అన్నాడు.

ఆ సంగతి నీకు తెలియదంటే నేనింకా నమ్మలేకపోతున్నాను, అన్నయ్యా.