డార్మ్‌స్టాట్‌లో దీపాలు, ఖమ్మంలో మంట

డార్మ్‌స్టాట్

ప్రియమైన ఈశ్వర్‌కు,

ఫోన్ చేస్తే కొట్లాటకే దిగుతున్నామని మెయిల్ రాస్తున్నాను. నీ వీసాకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికిందా? ఈ జర్మనీ చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. నిన్న పైఫ్లాట్ లెవ్ పిలిచి, వాళ్ల యూదుల దీపాల పండగ హనుకా చూపించాడు. మొదటి రోజు ఒక దీపం, రెండో రోజు రెండు, అలా ఎనిమిది రోజులు పెంచుతూ కిటికీలో పెడతారట. ఆలుగడ్డ తురిమి నూనెలో అట్లు వేయించి పెట్టాడు. రోజూ రమ్మన్నాడు. ఆఫీసు నుంచి వచ్చి ఖాళీ గోడలు చూసేకన్నా నయం కదా, వెళ్తాను.

నీ
చంద్రిక

తా.క.: అత్తమ్మ పెట్టిన ఆవకాయ తీసుకెళ్లాను. కళ్లనీళ్లు కారుతున్నా ఇంకో ముక్క అడిగాడు.

ఖమ్మం

చి.ల.సౌ. చంద్రికకు,

నాకేం అసూయ లేదు. కానీ ఇవాళ ఒకటి, రేపు రెండు అంటూ పెంచుకుంటూ పోయే ఈ వ్యవహారం నచ్చలేదు. మన దీపావళి చూడు, ఒక్క రాత్రిలో తేలిపోతుంది. కిటికీలో దీపాలు పెట్టి ఆయన ఎవరికి కబురు పంపుతున్నట్టు? అట్లు వేసే మగవాణ్ణి నేను ఇంతవరకు నమ్మలేదు.

సరే, ఒప్పుకుంటున్నాను. అసూయగానే ఉంది. అన్నం సహించడం లేదు.

ఇట్లు,
ఇప్పటికైతే నీ భర్త

తా.క.: నాకెప్పుడూ ఊటే వేసేదానివి. ఆయనకు ముక్కలా?

డార్మ్‌స్టాట్

మహారాజశ్రీ భర్తగారికి,

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? లెవ్ భార్య రీటా రోజూ నా పక్కనే కూర్చుంటుంది. పూర్వం ఒక రాజు వాళ్ల గుడిని ఆక్రమించి మైలపరిచాడట. గుడి మళ్లీ చేతికొచ్చేసరికి దీపానికి ఒక్కరోజుకు సరిపడే నూనే మిగిలింది. అదే ఎనిమిది రోజులు వెలిగిందట. అందుకే ఈ నూనె వంటలు. కిటికీలో పెట్టేది దారినపోయేవాళ్లు ఆ మహిమ చూడాలని, నాకు కబురు పంపడానికి కాదు.

అసలు సంగతి విను. దీపాలు వెలుగుతున్నంతసేపు ఆడవాళ్లు పని ముట్టుకోరట, అది వాళ్లింటి ఆచారం. ఆ అరగంటా రీటా సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. లెవ్ వంటింట్లో చెమటోడుస్తుంటాడు. నీకు లెవ్ మీద అసూయ, నాకు రీటా మీద. నిన్న ఆమెను చూస్తుంటే కడుపు మండిపోయింది.

భవదీయురాలు,
చంద్రిక

తా.క.: మన పెళ్లయ్యాక నువ్వు వేసిన అట్లు ఎన్ని? జవాబు రాయనక్కర్లేదు.

ఖమ్మం

బంగారం చంద్రికా,

లెవ్‌కు భార్య ఉందని చదవగానే ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో నీ ఉత్తరం మొత్తం అమ్మకు గట్టిగా చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ, చేట నాన్న ఒళ్లో పెట్టి లేచి, కిటికీలో దీపం వెలిగించి కుర్చీ వేసుకుంది. అరగంటే కదా అనుకున్నాం. ఆమె పెట్టింది అఖండ దీపం.

ఇది నాలుగో రోజు. నూనె పోయడం కూడా పనేనట, అదీ నాన్నే పోస్తున్నాడు. వాకిలీ ఆయనే ఊడుస్తున్నాడు. అట్లు నావి, సగం పెనానికే అంటుకుంటున్నాయి. లెవ్‌ను తలచుకుంటే మళ్లీ అసూయ పుడుతోంది, ఆయనకు అరగంటతో సరి. వీధిలో ఆడవాళ్లు వచ్చి మహిమ చూసి పోతున్నారు. ఇవాళ ఎదురింటి కిటికీలోనూ దీపం కనిపించింది.

టెర్మిన్ దొరికింది. కానీ ఈ దీపం కొండెక్కేదాకా అమ్మ నన్ను ఇల్లు కదలనివ్వదట. నిన్ను చూడాలని ఉంది చంద్రికా, ఏదో ఒకటి చెయ్యి.

పిండి చేతులతో,
ఈశ్వర్

తా.క.: కింది ముక్క అమ్మది. రాయడం కూడా పనేనని నాచేత రాయిస్తోంది.

"బిడ్డా చంద్రికా, ఒక్కనాటి నూనె ఎనిమిది దినాలు ఎలిగిందని రాస్తివి గదా. నా కాడ పదిహేను కిలోల డబ్బా ఉన్నది. అది ఎన్ని దినాలొస్తదో గా లెవ్ సారును జర లెక్కగట్టి చెప్పుమను."