నెలవంక గీయని పిల్ల

కామారెడ్డి, రంజాన్ నెలాఖరు, రాత్రి

ఎల్లారెడ్డి బడి నుంచి బస్సులో ఇల్లు చేరేదాకా రెండో తరగతి శ్రావణి మాటలే చెవుల్లో ఉన్నాయి. అన్నం తినబుద్ధి కాలేదు.

ఈరోజు పిల్లలకు రంజాన్ పాఠం చెప్పాను. రోజా అనగానే "పువ్వా టీచర్?" అన్నారు. "కాదురా, మన ఒక్కపొద్దు లెక్కనే. తెల్లారకముందు తిని, మళ్లా పొద్దుగూకినంకనే తింటరు" అన్నాను. రేపు సాయంత్రం నెలవంక కనిపిస్తే ఎల్లుండి పండుగని చెప్పి, అందరినీ నెలవంక బొమ్మ గీయమన్నాను. శ్రావణి ఒక్కతే గీయలేదు.

"రేపు మొగులైతే నెలవంక కనబడదు గద, పండుగ ఆగుతదా టీచర్?" అని అడిగింది.

"ఒక్కరోజు ఆగుతది. ఎందుకే?"

"మా బాపు దుబాయ్‌ల ఉన్నడు. కంపెనీల జీతం ఇస్తలేరట. రంజాన్ అని పొద్దుగూకంగ మసీదు కాడ అందరికి అన్నం పెడతరట, బాపు ఆడనే తింటుండు. పండుగైతే అది బందైతదని మా అమ్మ బీడీలు చేసుకుంట ఏడుస్తున్నది."



"ఒక్కరోజు ఆగినా మంచిదే" అనుకుంటూ శ్రావణి వెళ్లి తన చోట కూర్చుంది.

గల్ఫ్‌లో మామూలుగా మనకంటే ఒకరోజు ముందే, అంటే రేపే, పండుగ వస్తుంది. ఆ మాట ఆ పిల్లకు చెప్పలేకపోయాను. ఇందాక డాబా ఎక్కి చూశాను. ఇక్కడ బాగానే మొగులు పట్టింది. అక్కడ మాత్రం ఈపాటికి నెలవంక కనిపించే ఉంటుంది...