కోచ్ గారి గోత్రం

కాల్గరీ,
నవంబర్ 19

పెద్దక్కకి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలి. కానీ క్షేమంగా లేం. ఫోన్ చేస్తే అరుస్తానని నువ్వు పెట్టేస్తున్నావు కాబట్టి రాస్తున్నా.

మన తనీష్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు, అదే ఔల్స్, సెమీఫైనల్లో ఓడిపోయింది. ఆట సంగతి నీకు తెలుసు. పోయినేడు వచ్చినప్పుడు చూసి, “పేరు ఫుట్‌బాల్, ఆడేదంతా చేత్తోనా?” అన్నావు. ఆ జట్టులో బంతిని కాలితో తన్నడమే పనిగా ఉన్నవాడు మన తనీష్ ఒక్కడే. ఆఖరి క్షణంలో వాడు తన్నిన బంతి రెండు స్తంభాల మధ్య నుంచి పోవలసింది, పక్క నుంచి పోయింది. మర్నాడే ముసలి కోచ్ రాజీనామా చేశాడు.

కొత్త కోచ్ ఎవరన్నదే ఇప్పుడు కాల్గరీ అంతటా చర్చ. అంటే మా అభిమాన సంఘంలో. ఇద్దరి పేర్లు వినిపిస్తున్నాయి. ఒకడు ఓల్సన్. చాలా ఏళ్లుగా ఇక్కడే అసిస్టెంటు. బట్టతల, నోరు విప్పడు. రెండోవాడు బ్రాడ్‌వెల్. టెక్సాస్ మనిషి, భుజాల దాకా జుట్టు, మాట్లాడితే మనకే మైదానంలోకి దూకాలనిపిస్తుంది.

నిన్న అంజయ్య గారి బేస్‌మెంట్‌లో మీటింగ్ పెట్టాం.

“ఇంట్ల మనిషిని ఇడిసిపెట్టి బయటోణ్ణి తెస్తరా? ఓల్సన్ మనోడు” అన్నాడాయన.

“ఇంటి మనిషి ఉండే కదండీ ఇన్నేళ్లూ ఓడింది” అన్నాను నేను.

“నీ కొడుకు తన్నిన బాల్ పక్కకి వోతే ఓల్సనేం జేస్తడు?”

పెద్దక్కా, చేతిలో సమోసా అక్కడే పెట్టేసి వచ్చేశాను. వస్తుంటే వెనక నుంచి హైమావతి గారు, “ఇంతకీ ఇద్దరిలో పెళ్లయిందెవరికి? పెళ్లయినవాడికి ఓర్పు ఉంటుంది” అంటున్నారు.

నా భయం ఒక్కటే. ఆ రోజు మ్యాచ్ అయ్యాక ఓల్సన్ మన పిల్లాడితో ఒక్క మాట మాట్లాడలేదట. మనసులో పెట్టుకున్నాడు. వాడే కోచ్ అయితే తనీష్ ఈ చివరి ఏడాదంతా బెంచీ మీదే. బ్రాడ్‌వెల్ వస్తేనే మనవాడి కాలికి బంతి తగులుతుంది.

ఈ దేశంలో ఉండిపోవడానికి నా పీఆర్ నీ మొక్కుతోనే వచ్చింది. ఇది కూడా నువ్వే పట్టించుకోవాలి. ఏ మొక్కైనా మొక్కు, తీర్చే పూచీ నాది.

నీ తమ్ముడు,
మహీధర్

తా.క. నీ మరదలు బేబీ నీకు నమస్కారం చెప్పమంది. నన్ను నోరు మూసుకోమని కూడా చెప్పమంది. అది నీకు కాదు, నాకు. కానీ ఉత్తరంలో రాస్తేనే నేను వింటానట.


మిస్సిసాగా,
నవంబర్ 23

చిరంజీవి మహీధర్‌కు అక్క దీవెనలు.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. రూప కూడా చదివి, మామయ్యకి బీపీ చూపించమంది.

శనివారం గుడికి వెళ్తాను. అర్చనకి పేరు, గోత్రం, నక్షత్రం కావాలి. పేరు రాశావు. మిగతావి రాయలేదు.

పులిహోరలో ఉప్పు తగ్గించు.

అక్క

తా.క. జట్టుకి గుడ్లగూబ పేరు పెట్టినప్పుడు ఎవరైనా పెద్దవాళ్లని అడిగారా?

ఇంకొకటి. తనీష్ ఏమంటున్నాడు?


కాల్గరీ,
నవంబర్ 30

పెద్దక్కకి నమస్కారాలు.

నువ్వు అడిగినవి సంపాదించడానికి ఎన్ని అవస్థలు పడ్డానో విను.

మా సంఘానికి ఒక లెటర్‌హెడ్ ఉంది. పైన కాలేజీ గుడ్లగూబ బొమ్మ. దాని మీద బ్రాడ్‌వెల్‌కి మెయిల్ పెట్టాను. పుట్టిన తేదీ, సమయం, ఊరు వెంటనే తెలపగలరు అని. ఆయన ఇది కాలేజీవాళ్ల సెక్యూరిటీ చెక్ అనుకున్నట్టున్నాడు. తేదీ, ఊరు ఇచ్చేసి, సమయం అమ్మని అడిగి చెప్తానన్నాడు. మర్నాడు టెక్సాస్ నుంచి వాళ్లమ్మే ఫోన్ చేసింది. తెల్లారుజామున పుట్టాడట, వీధంతా లేచేలా ఏడ్చాడట. ఇంతకీ ఉద్యోగం ఖాయమేనా అని అడిగింది. ఆ తల్లితో కాదని ఎలా అనను? దేవుడి చేతిలో ఉందన్నాను.

గోత్రం ఎలా అడగాలో తెలియలేదు. “మీ వంశానికి మూలపురుషుడైన మహర్షి ఎవరు?” అని ఇంగ్లీషులో రాశాను. “మా తాత డెంటిస్టు” అని జవాబు వచ్చింది.

ఈలోగా సంగతి అంజయ్యకి తెలిసింది. నేను బ్రాడ్‌వెల్‌కి దొంగచాటుగా ఉద్యోగం ఇప్పించేస్తున్నానని గొడవ. ఆయన కూడా అదే లెటర్‌హెడ్ మీద ఓల్సన్‌కి మెయిల్ పెట్టాడు. ఓల్సన్ ఒక్క ముక్క రాశాడు. ఉద్యోగం కోసం వచ్చినవాణ్ణి వయసు అడగడం ఈ దేశంలో కుదరదు అని. పైగా దాన్ని కాలేజీకి పంపాడు. నియామకంలో అభిమానులు వేలు పెట్టవద్దని కాలేజీ నుంచి సంఘానికి తాఖీదు. నీ వల్లంటే నీ వల్లని ఇద్దరం ఫోన్‌లో అరుచుకున్నాం.

ఇన్నేళ్లుగా మ్యాచ్‌లన్నిటికీ ఆయన కారులోనే వెళ్లేవాళ్లం. ఆయన ఫ్లాస్కులో టీ, మా ఇంటి పులిహోర. నిన్న గ్రోసరీలో ఎదురుపడితే చెరో వైపు తిరిగి నిలబడ్డాం. ఆయన పప్పులు చదివాడు, నేను అప్పడాలు చదివాను.

నీ తమ్ముడు,
మహీధర్

తా.క. తనీష్ సంగతి అడిగావు. వాణ్ణి ఇందులోకి లాగదలచుకోలేదు. ఈమధ్య గురువారాలు ఏదో కాలేజీ కమిటీ అని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తున్నాడు. ఇస్త్రీ వాడే చేసుకుంటున్నాడు. ఓటమి మనిషిని ఎంత మార్చేస్తుందో చూడు.


మిస్సిసాగా,
డిసెంబర్ 7

చిరంజీవి మహీధర్‌కు అక్క దీవెనలు.

గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పవచ్చని పూజారి గారు అన్నారు. డెంటిస్టు గారి వివరాలు ఇక అడగవద్దు.

శనివారం అర్చన చేయించాను. మొక్కు కూడా మొక్కాను. తలనీలాలు.

అంజయ్య గారితో మాట్లాడు.

అక్క

తా.క. ఆయన నాకు ఫోన్ చేశారు. ఆయన కోరిక కూడా స్వామికి చెప్పాను. అవే తలనీలాలు.

తనీష్ ఏమంటున్నాడని అడిగాను. ఏం వేసుకుంటున్నాడని కాదు.


కాల్గరీ,
డిసెంబర్ 13

పెద్దక్కకి నమస్కారాలు.

ఎంత పని చేశావు! బ్రాడ్‌వెల్ జుట్టు మొక్కేశావా? ఆయన జుట్టు చూశావా నువ్వు? సింహానికి ఉన్నట్టుంటుంది. టీవీవాళ్లు ముందు దాన్ని చూపించి తర్వాత మనిషిని చూపిస్తారు. ఉద్యోగంలో చేరగానే ఆయన్ని కూర్చోబెట్టి, “సార్, మా అక్క మొక్కింది” అని నేను ఎలా చెప్పను?

ఈ కబురు మావాళ్లకి చెబితే సంఘం మళ్లీ రెండుగా చీలింది. ముందే చెప్పడం ధర్మమని కొందరు, గెలిచాక చెప్పడం తెలివని కొందరు. పాండురంగ అని మా కోశాధికారి, ధర్మం వైపువాడు, ఎవరికీ చెప్పకుండా మెయిల్ పెట్టేశాడు. ఇప్పుడు బ్రాడ్‌వెల్ అడుగుతున్నాడు, గుండు కాంట్రాక్టులో షరతా, లేక ఇక్కడి ఆచారమా అని. ఓల్సన్ బట్టతల చూసి ఇక్కడ అసిస్టెంట్లకి కూడా గుండు తప్పనిసరేమోనని అనుమానమట.

అంజయ్య వర్గం ఊరుకుంటుందా? “మీ కోచ్ ఇంకా జుట్టు ఇయ్యాలె. మా ఓల్సన్‌ది దేవుడు ముందుగాల్నే తీస్కున్నడు. మా మొక్కు చెల్లిపోయింది, సీటు మాదే” అని అందరికీ చెప్పుకుంటున్నాడు. వాదనలో బలం ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు.

ఆయన కోరిక కూడా ఎందుకు చెప్పావు అక్కా? ఇద్దరి తరఫునా నువ్వే అడిగితే స్వామి ఎటు తేలుస్తాడు?

నీ తమ్ముడు,
మహీధర్

తా.క. నువ్వు అడిగావని తనీష్‌ని కూర్చోబెట్టి బ్రాడ్‌వెల్ గొప్పతనమంతా వివరంగా చెప్పాను. సగంలో “డాడ్, ప్లీజ్” అని లేచి వెళ్లి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.


మిస్సిసాగా,
డిసెంబర్ 18

చిరంజీవి మహీధర్‌కు అక్క దీవెనలు.

ఒకరి జుట్టు ఇంకొకరు మొక్కరు. పూచీ నాది అని రాసింది నువ్వు. కాబట్టి జుట్టు కూడా నీదే.

బ్రాడ్‌వెల్ గారికి వెంటనే మెయిల్ పెట్టి కంగారు పడవద్దని చెప్పు. వాళ్లమ్మగారికి కూడా.

అక్క

తా.క. రంగు వేసిన జుట్టు పనికొస్తుందా అని నువ్వు అడగబోతావు. పూజారి గారిని అడిగాను. వస్తుంది.


కాల్గరీ,
జనవరి 10

పెద్దక్కకి నమస్కారాలు.

ఒక దుఃఖం, ఒక సంతోషం.

దుఃఖం ఏమిటంటే నిన్న ప్రకటించారు. ఓల్సనే కోచ్. బ్రాడ్‌వెల్ ఇంకెక్కడో చేరాడు, జుట్టుతో సహా. ఇక మనవాడి ఆట అయిపోయినట్టే. అంజయ్య ఇంటి ముందు కార్లే కార్లు. వాసన బట్టి చూస్తే మిరపకాయ బజ్జీలు. నేను బేబీకి చెప్పి కర్టెన్లు వేయించాను. అవి మా కర్టెన్లు, ఆయన ఇల్లు రెండు వీధుల అవతల. అయినా వేయించాను.

సంతోషం ఏమిటంటే నా మొక్కు చెల్లదు. బ్రాడ్‌వెల్ రాలేదు, కాబట్టి నా జుట్టు నాది. బయట మైనస్ ఇరవై ఆరు. ఈ చలిలో గుండు అంటే తల ఫ్రీజర్‌లో పెట్టుకోవడమే. ఇప్పుడు ఇవ్వవలసింది అంజయ్య. పెద్దల మాట తప్పకూడదని నా తరఫున ఆయనకి నువ్వే గుర్తు చెయ్యి.

ఒక్కటే అర్థం కావడం లేదు. కొంప మునిగిందని నేను కూర్చుంటే తనీష్ ఈల వేస్తూ తిరుగుతున్నాడు. షాక్ తగిలినవాళ్లు అలాగే చేస్తారని ఎక్కడో చదివాను.

నీ తమ్ముడు,
మహీధర్

తా.క. నిజం చెప్పు. నువ్వు అంజయ్య కోసం గట్టిగా, నా కోసం మెల్లిగా మొక్కావు కదూ?


మిస్సిసాగా,
జనవరి 14

చిరంజీవి మహీధర్‌కు అక్క దీవెనలు.

ఇంత పొడుగు ఉత్తరం నేను రాయను. ఈసారి తప్పలేదు.

అర్చన బ్రాడ్‌వెల్ గారి పేర చేయించలేదు. ఆయన కోరనిది ఆయన పేర అడగడం నాకు నచ్చలేదు. తనీష్ పేర చేయించాను, మన గోత్రంతో. మొక్కులో కూడా ఎవరి పేరూ చెప్పలేదు. పిల్లవాడికి మేలు చేసే కోచ్ రావాలి, వస్తే మా తమ్ముడు తలనీలాలు ఇస్తాడు అన్నాను. అంతే.

మేలు జరిగిందో లేదో నాకూ తెలియలేదు. అందుకని మొన్న తనీష్‌ని నేనే అడిగాను.

ఆ గురువారాల కమిటీ కొత్త కోచ్‌ని ఎంచుకోవడానికి వేసిందే. ఆటగాళ్ల తరఫున ఇద్దర్ని పెట్టారట. ఒకడు మన తనీష్. బయట చెప్పకూడదని మాట తీసుకున్నారట. నువ్వు రెండు నెలలు ఊరంతా తిరిగి అడిగిన ఓటు నీ ఇంట్లోనే ఇస్త్రీ చేసుకుంటోంది.

బ్రాడ్‌వెల్ గారు ఇంటర్వ్యూలో, తాను వస్తే బంతి తన్నేవాణ్ణి టెక్సాస్ నుంచి తెచ్చుకుంటానన్నారట. తనీష్ వింటుండగానే చెప్పారు.

ఓల్సన్ గారు ఆ రోజు మాట్లాడకపోవడం నిజమే. మ్యాచ్ అయ్యాక అందరూ వెళ్లిపోయారు. వీడు స్తంభాల దగ్గరే నిలబడిపోయాడు. ఆయన వచ్చి, మంచులో మోకాలి మీద కూర్చుని, బంతి నిలబెట్టి పట్టుకున్నారట. వీడు తన్నాడు. ఆయన వెళ్లి తెచ్చి మళ్లీ పట్టుకున్నారు. వరసగా లోపలికి వెళ్లేదాకా అలా చేసి, లేచి మోకాలు దులుపుకుని వెళ్లిపోయారు. ఒక్క మాట అనలేదు. అందుకే ఆయనకి ఓటు వేశానన్నాడు. పోటీలో మళ్లీ తన్నేది కూడా తనేనట.

నాన్నతో ఎందుకు చెప్పలేదురా అన్నాను. “ఐ కుడ్‌న్ట్, అత్తా. బట్ హీ నెవర్ ఆస్క్‌డ్” అన్నాడు. వాడు ఏడవలేదు. నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టాను.

కాబట్టి మొక్కు చెల్లించాలి. జుట్టు తీయించి పసుపు గుడ్డలో కట్టి పంపు. రూప వచ్చే నెల తిరుపతి వెళ్తోంది. ఇంత దూరంలో ఉన్నవాళ్లకి అలా చేయవచ్చని పూజారి గారు చెప్పారు.

అక్క

తా.క. అంజయ్య గారు ఓల్సన్ కోసం మొక్కమన్నారని నువ్వే అనుకున్నావు. ఆయన నాతో అన్నది ఇది: “అక్కా, ఎవడన్న రానీ. మా తనీష్ గానికి మళ్ల బాల్ దొరకాలె. ఆ పొద్దు కోపంల పోరని మీద మాట జారిన.” మీటింగుల్లో ఓల్సన్ ఓల్సన్ అని అరిచింది నీ మీద పంతంతోనట.

నిన్న ఆయన గుండు చేయించుకున్నారు. ఆయన భార్య సుగుణ ఫోటో పంపింది. ఆ బజ్జీలు కూడా మీ కోసమే చేసిందట. మీ ఇంటికి తెస్తే, మీరు కర్టెన్లు వేసుకున్నారని తిరిగి వెళ్లింది.

ఆదివారం ఆయన కారు తెస్తారు, మంగలి షాపుకి కలిసి వెళ్లండి. మంకీ క్యాపు కొనకు. ఆయన రెండు కొన్నారు.