అస్కర్ క్యాంపులో తొమ్మిది రోజుల గణతంత్రం

అస్కర్,
శనివారం.

నాగేశ్వరక్కకు నమస్కారాలు.

నేను లేబర్ క్యాంపులో మీ అన్న మంగరాజు ఉండే గదిలోని భూమేష్‌ను. ఒకసారి ఆయన వెంట అరాద్ వచ్చాను, మీరు చింతకాయ పచ్చడి సీసా ఇచ్చారు. మీరు పనిచేసే అరబ్బుల ఇంట్లో డ్యూటీలో ఫోన్ ముట్టనివ్వరు కదా, అందుకే ఈ ఉత్తరం. మా కంపెనీ వ్యాను రోజూ ఎయిర్‌పోర్టుకు వస్తుంది. డ్రైవర్ సాయిబాబు దారిలో మీ గేటు దగ్గర ఇస్తానన్నాడు.

అన్న మొన్న గురువారం పొద్దున పోయిండు. అందరం చూస్తుండగానే, ఒక్క మాట లేకుండా పోయిండు. ఆరేళ్లు ప్లాంటు డ్యూటీ దిగి వచ్చి మాకు వండిపెట్టిన చెయ్యి. ఉన్నన్నాళ్లు వంటింట్లోకి ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు, మేమూ ఆయన్ని రాజా అనే పిలిచేవాళ్లం. ఆ సాయంత్రం మిగిలిన ఎనిమిదిమందిమి కూర్చుని, ఇక ఈ గదికి రాజులు వద్దు, గణతంత్రమే మేలని చేతులెత్తి తీర్మానించాం.

ఇట్లు,
తమ్ముడిలాంటి భూమేష్.

తా.క. ఆయన దుప్పటి ఉతికి మడిచి మంచం మీద పెట్టాం. పెట్టె కూడా ఇక్కడే ఉంది. వీలు చూసుకుని ఎవరినైనా పంపండి.


అరాద్,
ఆదివారం.

తమ్ముడు భూమేష్‌కి ఆశీస్సులు. ఇవ్వాలని లేదు, అయినా ఇస్తున్నాను.

నీ ఉత్తరం చదివి వంటగదిలో నేల మీద కూలబడ్డాను. మా మేడం పరుగున వచ్చింది. ఆవిడకు తెలుగు రాదు. ఉత్తరాన్ని తిప్పి తిప్పి చూసి, నా ఏడుపును బట్టి సంగతి గ్రహించి, తన ఫోన్ నా చేతిలో పెట్టింది. ఇక్కడే ఉండే మా ఊరి అచ్చిబాబుకి చేద్దామనుకున్నాను. కంగారులో నోటికొచ్చిన అన్నయ్య నంబరే నొక్కాను. రెండో రింగుకే ఎత్తాడు.

"ఏంటే ఆ ఏడుపు? ఎవరు పోయారు?" అన్నాడు.

"నువ్వే పోయావంట అన్నయ్యా" అన్నాను.

తాను ఈసా టౌన్లో అచ్చిబాబు గదిలో ఉన్నానని, ఇప్పుడే టీ కూడా తాగానని చెప్పాడు. మా వైపు మనిషి పోయాడంటే ఇక రాడని అర్థం బాబూ. వెళ్లాడని రాయాలి. ఇంతకీ ఎందుకు వెళ్లాడు? అడిగితే నాకు చెప్పడం లేదు.

ఇట్లు,
నాగేశ్వరి.

తా.క. గణతంత్రం అంటే జెండా ఎగరేసి మిఠాయి పంచడం అని తెలుసు. మిగతా రోజుల్లో ఏం తింటున్నారు?


అస్కర్,
మంగళవారం.

అక్కకు పాదాభివందనాలు.

తప్పయింది. మా దగ్గర పోయిండంటే ఉత్తగా వెళ్లాడనే. ఇకమీదట బడిపుస్తకంలో ఉన్నట్టే రాస్తాను.

గొడవ ఉప్పు దగ్గర వచ్చింది. నెల రోజులుగా కూరలన్నీ ఉప్పుమయం. బుధవారం పప్పు నోట పెట్టలేకపోయాం. నర్సింగ్ ఉండబట్టలేక, "అన్నా, గింత ఉప్పేందే?" అన్నాడు. మీ అన్న గరిటె కింద పెట్టి చేతులు కడుక్కున్నాడు. పొద్దున చూస్తే ప్లాంటుకు సెలవు పెట్టేశాడు, సంచి భుజాన ఉంది.

ఇక గణతంత్రం సంగతి. రోజుకొకరు వండాలి, ఏది చేసినా ఓటు వెయ్యాలి. మొదటి రోజు పప్పా, పులుసా అన్నదాని మీద నలుగురూ నలుగురూ అయ్యాం. అది తేలేలోపు ఎసరు ఇగిరి గిన్నె మాడింది. పెద్దవాడు దేవన్న ఎవరినీ నొప్పించలేక ఒకసారి ఇటు, ఒకసారి అటు చెయ్యి ఎత్తుతున్నాడు. నిన్న అన్నం ఉడికిందని ఐదుగురు, ఉడకలేదని ముగ్గురు అన్నారు. ఐదుగురిదే గెలిచింది. అన్నం మాత్రం ఆ ముగ్గురి పక్షానే నిలబడింది.

ఒక సాయం చెయ్యండి. గడప బయటి నుంచి చూసినంతలో మీ అన్న ఏనాడూ రుచి చూడగా మేము చూడలేదు. చూడకుండానే ఉప్పు ఎలా వేసేవాడో అడిగి రాయండి. మాకు రుచి చూసి వేసినా కుదరడం లేదు.

ఇట్లు,
భూమేష్.

తా.క. ఈ పూట ఖుబ్బూస్ రొట్టెలు కొనుక్కుని తిన్నాం. ఇంతవరకు ఎనిమిది ఓట్లూ పడిన తీర్మానం అదొక్కటే.


అరాద్,
బుధవారం.

భూమేష్‌కి,

నువ్వు అడగమన్నట్టే అడిగాను. "రుచి చూడకుండా ఉప్పు ఎలా వేసేవాడివని గదిలోవాళ్లు అడుగుతున్నారు అన్నయ్యా" అన్నాను. "నవ్వుకోమను" అని ఫోన్ పెట్టేశాడు. ఇవాళ అచ్చిబాబు చెప్పాడు, అన్నయ్య రాజమండ్రికి తిరిగి వెళ్లిపోవడానికి టికెట్ వాకబు చేస్తున్నాడట.

మీరు ఎనిమిదిమంది కలిసి నా చేత ఆయన్ని ఎగతాళి చేయించారా? నేను ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్లు. ఇక్కడ నాకు పుట్టిల్లంటే అన్నయ్య ఒక్కడే. ఆయన విమానం ఎక్కితే మీ గణతంత్రాన్ని నేను వదలను.

నాగేశ్వరి.

తా.క. అన్నం ఉడికిందో లేదో ఓటుతో తేలదు. ఒక మెతుకు పట్టుకుని చూడండి.


అస్కర్,
శనివారం.

నాగేశ్వరక్కకు నమస్కారాలు.

మీ ఉత్తరం గదిలో పైకి చదివాను. ఎవరూ ఓటు అడగలేదు. నిన్న శుక్రవారం సెలవు కావడంతో ఎనిమిదిమందిమీ బస్సెక్కి ఈసా టౌన్ వెళ్లాం. తలుపు తీసింది మీ అన్నే. మమ్మల్ని చూసి, "మీకు తెలిసిపోయింది కదా, ఇంకెందుకు వచ్చారు?" అన్నాడు.

ఏం తెలిసిందో మాకు తెలియదు. దేవన్న అదే అడిగాడు. మీ అన్న గోడ వైపు చూస్తూ చెప్పాడు. పోయినేడు జ్వరం వచ్చి తగ్గింది కదా, అప్పటి నుంచి ఆయన నాలుకకు ఏ రుచీ తెలియడం లేదట. పులుపు, కారం, తీపి అన్నీ ఒకటేనట. ఇన్నాళ్లూ చేతి కొలతతో నెట్టుకొచ్చాడు. ఈ నెల కొట్లో వేరే ఉప్పు ఇచ్చారు, మరీ సన్నగా ఉంది. అదే పిడికిలి వేస్తే ఎక్కువవుతోందని ఆయనకు తెలియలేదు. దగ్గర ఎవరైనా ఉంటే బయటపడుతుందనే మమ్మల్ని మరీ గడప దాటనివ్వలేదట.

"ప్లాంటులో నేనొక నంబర్ని. గరిటె పట్టుకుంటేనే మంగరాజుని. అదీ పోతే ఇంకెందుకని..." అని ఆగిపోయాడు.

నర్సింగ్ తల ఎత్తలేదు. దేవన్న మాత్రం ఆయన సంచి తీసి తన భుజాన వేసుకున్నాడు. "వండుడు నీది. ఉప్పు మాది. లే, పోదాం" అన్నాడు.

సాయంత్రం వంకాయ కూర వండాడు. మొదటిసారి మమ్మల్నందర్నీ వంటింట్లోకి రానిచ్చాడు. ఎనిమిదిమందికి చోటు చాలక ముగ్గురం గుమ్మంలోనే నిలబడ్డాం. దించే ముందు, "ఎలా ఉంది?" అన్నాడు. ఆరేళ్లలో ఆ మాట అడగడం ఇదే మొదలు. నర్సింగ్ కొంచెం చేతిలో వేసుకుని నాకి, "ఇంకింత పడాలె అన్నా" అన్నాడు. మీ అన్న ఉప్పు డబ్బా వాడి ముందుకు జరిపాడు.

వచ్చే వారం ఆయన్ని డాక్టరుకు చూపించాలని కూడా తీర్మానించాం. ఎనిమిది ఓట్లు అవునని, రాజుగారి ఓటు ఒక్కటి కాదని. తీర్మానమే నెగ్గింది.

మీ తమ్ముడు,
భూమేష్.

తా.క. ఈ సంగతి చెల్లెలికి మాత్రం చెప్పొద్దని మీ అన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అందుకే చెప్పలేదు, రాశాను.